చేప వడల్లో ఏం కలుపుతారు?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. డిగ్రీ పూర్తయి మూడు నెలలు, ఉద్యోగంలో చేరి రెండు నెలలు. మనిషికి అంతకన్నా తెలివైన వయసు ఇంకొకటి ఉండదు. గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీలో, హోమ్ సైన్స్ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌ని నేను. తెల్లకోటు వేసుకుని, పిల్లల చేత క్యారెట్లు ఒకే సైజులో తరిగించి, పిండి తూకం వేయించి, "వంటంటే చేతివాటం కాదు, కొలత" అని చెప్పేదాన్ని. (ఆ మాట మా మేడం నాకు చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు.) ఇంటికి వెళ్తే అమ్మ కాస్తున్న పులుసులోకి తొంగిచూసి "చింతపండు ఎన్ని గ్రాములు?" అని అడిగేదాన్ని. "నీ నోరు మూయించడానికి సరిపడా" అనేది అమ్మ. ఆ ఇంట్లో వాళ్లు నన్ను ఎలా భరించారా అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది గానీ, అప్పట్లో మాత్రం వాళ్ల అజ్ఞానాన్ని నేనే ఎంతో ఓర్పుగా భరిస్తున్నానని అనుకునేదాన్ని.

మా అమ్మమ్మది బందరు. చర్చి వెనక సందులో ఇల్లు. బుల్లి మావయ్య ఆవిడతోనే ఉండేవాడు. (అమ్మకి ఆఖరి తమ్ముడు కాబట్టి బుల్లి. మనిషి గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు.) ఏటా కోతలైపోయి కుప్పలు పడ్డాక ఓ ఆదివారం చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఆరాధన అయ్యాక, జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, కొత్త బియ్యం వేలం వేస్తారు. వేలం ముగిశాక అందరికీ ప్రేమవిందు. అన్నం, పప్పు, కోడికూర ఎలాగూ ఉంటాయి. జనం ఎదురుచూసేది మాత్రం అమ్మమ్మ చేప వడల కోసం. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేవి. చేతిలో ఉన్నంతసేపూ విరగవు, నోట్లో పెట్టుకుంటే నమిలే పని లేదు. పాతికేళ్లుగా విందులో ఆ వడలు ఆవిడవే.

ఆదివారం తెల్లవారేసరికే ఆవిడ ఇంట్లో తలుపేసుకుని ముద్ద కలిపి, బేసిన్ మీద తడిగుడ్డ కప్పి చర్చి వంటషెడ్డుకి తెచ్చేది. తలుపేసుకునేది పిల్లుల బాధకి. కానీ సంఘంలో అలా అనుకోలేదు. పాతికేళ్లు ఒకావిడ తలుపేసుకుని కలిపిన ముద్దలో ఏముందన్న దాని మీద రకరకాల సిద్ధాంతాలు పుట్టాయి. సగ్గుబియ్యం నానబెట్టి రుబ్బుతుందని కొందరు, మినప్పిండి అని కొందరు, కాదు కొబ్బరి అని ఇంకొందరు. ఎవరైనా మొహమాటం వదిలి "ఏం కలుపుతారండీ?" అని అడిగితే "ఏమీ కలపనమ్మా. ఉప్పూ కారం, అల్లం, పచ్చిమిర్చి. అంతే" అనేది అమ్మమ్మ. ఒక్కరూ నమ్మలేదు. మా వైపు వంట బాగా చేసే మనిషి "ఏమీ కలపను" అందంటే, ఏదో గట్టిదే కలుపుతోందని లెక్క. నేనూ నమ్మలేదు.

అలాంటి వడలు వరసగా రెండేళ్లు నూనెలో విచ్చిపోయాయి. మొదటి ఏడాది చేప మంచిది కాదన్నారు. రెండో ఏడాది నూనె సరిగ్గా కాగలేదన్నారు. ఆ రెండోసారి అమ్మమ్మ మూకుట్లోంచి తీసింది వడలు కాదు, పొడి. దాన్ని చిల్లుల గరిటెతో దేవి దేవి పళ్లెంలో పోస్తుంటే, వరసలో నిలబడ్డవాళ్లు ఎటో చూస్తూ నిలబడ్డారు. "రుచి మాత్రం అదేనండీ" అని ఎవరో అన్నారు. అది అనకుండా ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి ఏడాది పండుగ ఇంకా నెల ఉందనగా, నేను బందరులో ఉన్న శనివారమే, స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మగారు వచ్చారు. "పెద్దమ్మగారూ, మిమ్మల్ని ఇంకా ఎందుకు కష్టపెట్టడమండీ. ఈసారి విందు మొత్తం కేటరింగుకి ఇచ్చేద్దామనుకుంటున్నాం. మీరు హాయిగా ముందు వరసలో కూర్చోండి" అన్నారు. "మంచిదమ్మా" అంది అమ్మమ్మ. టీ ఇచ్చింది, వందనాలు చెప్పి గుమ్మందాకా సాగనంపింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించి ఉన్న బేసిన్‌ని మళ్లీ తీసి కొంగుతో తుడుస్తూ కూర్చుంది. "కష్టపెట్టరంట. అంటే ఇక రావద్దనేగా" అంది, నాతో కాదు, బేసిన్‌తో. తాతయ్య పోయినప్పుడు కూడా పదిమందికీ వండి పెట్టిన మనిషి ఆవిడ. ఆ గొంతు విని చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివరిదాకా పరిగెత్తి ప్రెసిడెంటమ్మగారిని ఆపాను.

"లోపం అమ్మమ్మది కాదండీ, పట్టు ఇచ్చే పదార్థానిది. నేను సరిచేస్తాను. మాకు ల్యాబ్ ఉంది" అన్నాను. ఆవిడ నా వట్టి కాళ్లు చూసి, కాసేపు ఆలోచించారు. "సరేనమ్మా, ఈ ఒక్కసారి చూద్దాం. మళ్లీ విచ్చిపోతే మాత్రం కేటరింగే. కిందటేడు ఆవిడ ఆ పొడి దేవుతుంటే నేను చూడలేకపోయాను" అన్నారు.

ఇక చూడండి నా పరిశోధన. కాలేజీ అయ్యాక ల్యాబ్‌లో చేప ఉడకబెట్టి, ముళ్లు తీసి, పొడి చేసి, ఏడు గిన్నెల్లో ఏడు రకాలు కలిపేదాన్ని. (ఉడకబెట్టమని మా ప్రాక్టికల్స్ పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నాక ఇంకో ఆలోచన చేసే అలవాటు నాకు లేదు.) బంగాళదుంప, మైదా, మొక్కజొన్న పిండి, సగ్గుబియ్యం, పుట్నాలపప్పు పొడి, గుడ్డు, బ్రెడ్డు. వేయించినవన్నీ స్టీలు డబ్బాలో నంబర్లు వేసి సర్దుకుని, శనివారం పాసింజరులో బందరు తీసుకెళ్లేదాన్ని. రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ వాసనకి నాతో చుట్టరికం కలపబోయేవాళ్లు.

రుచి చూసి తీర్పు చెప్పే బాధ్యత బుల్లి మావయ్యది. రంగు, వాసన, పట్టు, రుచి అని గళ్లు గీసి కాగితం ఇచ్చాను, పదికి ఇన్నని వేయమని. మొదటివారం అన్నిటికీ పదేసి వేసి "ఇంకో వాయి ఉందా?" అన్నాడు. శాస్త్రానికి ఇది పనికిరాదని గట్టిగా చెప్పాక కాస్త దారికొచ్చాడు. బంగాళదుంపది తిని "ఇందులో చేప ఎటు వైపుందే?" అన్నాడు. సగ్గుబియ్యంది చాలాసేపు నమిలి, మాట్లాడటానికి వీలుపడక చేత్తో వద్దని సైగ చేశాడు. మైదాది కొరికి "ఇది దాచి పెట్టు, నా చెప్పు అడుగు ఊడింది" అన్నాడు. పుట్నాల పొడిది బాగానే నిలబడింది గానీ, తింటుంటే పక్కన ఇడ్లీ ఏదని వెతుక్కోవాలనిపిస్తోందన్నాడు. చివరికి గుడ్డూ బ్రెడ్డూ కలిపినదానికి తలాడించాడు. నూనెలో విచ్చలేదు, నోట్లో రాయిలా లేదు. గ్రాములతో సహా రాసుకున్నాను.

ఈ తతంగమంతా అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. ఒకసారి మాత్రం "ఉడకబెట్టి కలుపుతావా?" అని అడిగింది. "అవునమ్మమ్మా, ముళ్లు తీయడం తేలిక. శుభ్రం కూడా" అన్నాను. ఏదో చెప్పబోయింది. తన చేతులకేసి చూసుకుంది, వాటిని కొంగులో చుట్టుకుంది. "నీకు తెలిసినట్టు చెయ్యమ్మా" అంది. పాతకాలం కొత్తకాలానికి తలవంచిందని నేను లోలోపల పొంగిపోయాను.

పండుగ రోజు రానే వచ్చింది. తెల్లవారకముందే మావయ్య గిలకలదిండి రేవుకి వెళ్లి ఐసులో పెట్టించి పండుగొప్ప చేపలు తెచ్చాడు. నేను చెప్పినదానికి రెట్టింపు. "బాగున్నాయి కదా అని" అన్నాడు. సగం ఉడకబెట్టి, సగం ఐసు పెట్టెలోనే ఉంచాను. వంటషెడ్డులో, నలుగురూ చూస్తుండగా, కాలేజీ నుంచి తెచ్చిన త్రాసు పెట్టి తూచి మరీ కలిపాను. ముద్ద కాస్త పలచగానే ఉంది. ఉడికిన చేపలో నీరుంటుంది. బ్రెడ్డు ఆ నీరు పీల్చుకుని గంటలో గట్టిపడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అడగకుండానే అందరికీ అన్నీ చెప్పే నేను, అదొక్కటీ ఎవరికీ చెప్పలేదు. బేసిన్ మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, కొయిర్‌లో పాడటానికి లోపలికి వెళ్లిపోయాను. నా గొప్ప తప్పు అదే.

కొయిర్ కూర్చునేది జనానికి ఎదురుగా. కాబట్టి ఎవరు లేచి వెళ్లినా కనబడుతుంది. మొదటి పాఠం చదువుతుండగా మా అవనిగడ్డ పిన్ని (అమ్మకి పిన్ని కూతురు, పండుగకని ముందురోజే దిగింది) మెల్లిగా లేచి పక్క గుమ్మంలోంచి వెళ్లి, కాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చింది. ప్రకటనలప్పుడు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారు వెళ్లొచ్చారు. నీలం చీర మీద ఏదో తెల్లగా అంటుకుంది. కానుకల పాటప్పుడు ప్రెసిడెంటమ్మగారు. ఆవిడ మొహం చూస్తే ఎవరికీ చెప్పకూడని దానధర్మం చేసి వచ్చినట్టుంది. ప్రసంగం మధ్యలో అమ్మమ్మ కూడా గోడ పట్టుకుని లేచింది. పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి ఎంత శ్రద్ధగా వెళ్లొస్తున్నారో అనుకుని నేను చివరి పాట ఇంకాస్త గొంతెత్తి పాడాను.

ఆరాధన అయ్యాక వచ్చి గుడ్డ తీసేసరికి ముద్ద బేసిన్ నిండా పొంగి ఉంది. గరిటె గుచ్చితే నిలబడింది. గరిటె పైకి లాగితే దాంతోపాటు బేసిన్ లేచింది. బ్రెడ్డు ఇంత బాగా పనిచేస్తుందని పుస్తకంలో రాయలేదే అనుకున్నాను. అయితే వడలు తట్టడానికి భలేగా వచ్చాయి. నూనెలో వేస్తే ఒక్కటీ విచ్చలేదు. అన్నీ ఎర్రగా, గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు తేలాయి. పక్కకి తిరిగి అమ్మమ్మని చూశాను. ఆవిడ నాకన్నా ఆత్రంగా మూకుట్లోకి చూస్తోంది. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

మొదటి వడ మావయ్యకిచ్చాం. కొరికాడు. ఆగాడు. నోట్లోంచి తీసి, తిప్పి చూసి, ఇంకోవైపు నుంచి ప్రయత్నించాడు. "వేడి తగ్గాక చూద్దాం" అని పళ్లెం అంచున పెడితే అది జారి సిమెంటు గచ్చు మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి తలుపుకి తగిలి మళ్లీ మా దగ్గరికే వచ్చింది. చిన్న నెర్రె కూడా పడలేదు. "విచ్చిపోతే కేటరింగన్నారు కదండీ" అన్నాడు మావయ్య ప్రెసిడెంటమ్మగారితో, "ఇక మీకా భయం లేదు." మామూలప్పుడైతే అందరం నవ్వేవాళ్లమే. అమ్మమ్మ ఒక వడ తీసుకుని విరవబోయి, వీలుకాక, మెల్లిగా పళ్లెంలో పెట్టేసింది. అది చూశాక ఎవరికీ నవ్వు రాలేదు.

ముందు పిన్ని నోరు విప్పింది. "నేనేనే గుప్పెడు అటుకులు వేశాను. చూస్తే పల్చగా ఉంది. దొడ్డమ్మ పరువు పోతుందేమోనని." హెడ్‌మిస్ట్రెస్‌గారు గొంతు సవరించుకుని "బియ్యప్పిండి. రెండు గుప్పిళ్లు" అన్నారు. కాసేపాగి "మూడు" అన్నారు. ప్రెసిడెంటమ్మగారు గోడకేసి చూస్తూ "గుడ్లు నాలుగు" అన్నారు. మేమందరం ఆవిడకేసి తిరిగాం. "ఏంటమ్మా అలా చూస్తారు, నేను మాత్రం విచ్చిపోవాలని కోరుకుంటానా?" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో వెనకనుంచి అమ్మమ్మ "బొంబాయి రవ్వ నేను పోశాను" అంది.

నా కొలతలు, నా త్రాసు, నా పదిమార్కుల కాగితం. నేను అక్కడే బియ్యం బస్తా మీద కూలబడి ఏడ్చాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగస్తురాలిని, తెల్లకోటు లేదు కాబట్టి ఓణీతోనే ముక్కు తుడుచుకున్నాను. "నువ్వు ఏం కలిపేదానివో ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అమ్మమ్మా" అన్నాను.

"చెప్పాను కదే. ఏమీ కలపననే చెప్పాను పాతికేళ్లూ" అంది అమ్మమ్మ. "చేపలోనే ఉంటుంది జిగురు. పచ్చి కండ గీకి, ఉప్పేసి, బేసిన్‌కేసి కొట్టి కొట్టి పిసికితే అదే పైకొస్తుంది. నువ్వు ఉడకబెడితే ఇంకెక్కడుంటుంది?"

"మరి రెండేళ్లుగా ఏమైంది?"

ఆవిడ కొంగులోంచి రెండు చేతులూ తీసి నా ముందు చాపింది. బొటనవేళ్ల మొదళ్లు వాచి ఉన్నాయి. పిడికిలి బిగించబోతే వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. "పిసకలేకపోతున్నానే" అంది. "చెయ్యి పనిచెయ్యట్లేదంటే తీసుకెళ్లి కూర్చోబెడతారు. పిండి చాలలేదంటే ఇంకాస్త పిండి పోస్తారు. అందుకని నువ్వు పిండి లోపమంటే నేనూ ఊరుకున్నాను."

నెల రోజులు ఏడు రకాల పిండి తూచి, వారం వారం వచ్చి ఆ చేతుల పక్కనే కూర్చున్నాను నేను. ఒక్కసారి వాటిని పట్టుకుని చూడలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ముందుగా తేరుకున్నది ప్రెసిడెంటమ్మగారే. "ఐసు పెట్టెలో ఇంకా చేప ఉంది కదా. వేలం ఎంతసేపు ఉంటుంది?" అని మావయ్యని అడిగారు. "అరగంట" అన్నాడు. "గంటన్నర చెయ్యి" అన్నారు. మావయ్య వెళ్లి వేలంలో పడ్డాడు. వచ్చిన ప్రతిదానికీ ఎదురు పాట పాడటం, పాడినవాళ్లతో వాదన పెట్టుకోవడం, గుమ్మడికాయ మీద గుమ్మడికాయ. ఇక్కడ మేం నలుగురం చెంచాలతో పచ్చి కండ గీకి బేసిన్‌లో వేశాం. అమ్మమ్మ కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది. "ఉప్పు వెయ్యి. ఇప్పుడు కొట్టు. అలా నిమరడం కాదు, ఎత్తి వెయ్యి" అంటుంటే నేను ముద్దనెత్తి బేసిన్‌కేసి కొట్టడం మొదలుపెట్టాను. పది నిమిషాలకి నా భుజాలు పడిపోయాయి, పిన్ని అందుకుంది. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారు. (సర్వీసులో పిల్లల్ని ఎలా కొట్టేవారో అప్పుడు అర్థమైంది.) మధ్యమధ్యలో అమ్మమ్మ చిటికెడు ముద్ద తన అరచేతిలో పెట్టించుకుని, చెయ్యి బోర్లించి చూసేది. ముద్ద కింద పడితే "ఇంకా" అనేది. మూడుసార్లు పడింది. నాలుగోసారి బోర్లిస్తే పడలేదు. అరచేతికి అంటుకుని అలాగే ఉంది. చేత్తో తాకి చూశాను. పిండి లేదు, గుడ్డు లేదు, అయినా బంకలా పట్టుకుని ఉంది.

ఆ వడలు మనిషికొకటే వచ్చాయి. విందులో వడ్డించినవి వడ్డించినట్టే అయిపోయాయి. మావయ్య మాత్రం ఆరు గుమ్మడికాయలు, రెండు అరటిగెలలు, ఓ బాతుల జంట వెంటేసుకుని వచ్చి కూర్చున్నాడు. (గట్టి వడల్ని అమ్మమ్మ మర్నాడు పులుసులో వేసింది. మూడో రోజుకి మెత్తబడ్డాయి.) ప్రెసిడెంటమ్మగారు చెయ్యి కడుక్కుని వచ్చి "కేటరింగు మాట మర్చిపొండి పెద్దమ్మగారూ" అన్నారు. "కానీ వచ్చే ఏడు నేను కలపనమ్మా" అంది అమ్మమ్మ. "మీరు కలపండి. నేను అరచేతిలో వేసుకుని చూస్తాను." అంత తేలిగ్గా అనేసి, రెండేళ్లుగా కొంగులో దాచుకున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఐదేళ్లు వంటషెడ్డులో ఆవిడ కుర్చీ ఆవిడకే ఉంది.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు అదే కాలేజీలో పెద్ద మేడాన్ని. పిల్లలకి కొలతలు ఇప్పటికీ చెబుతాను, అవి అబద్ధమేం కాదు కదా. ఏటా కోత పండుగకి బందరు వెళ్తాను. కిందటేడు సగం కలిపాక కుడి మణికట్టు లాగేసింది. ముద్ద ఇంకా పట్టు రాలేదు. గుడ్డు కొట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని అనిపించిన మాట నిజమే, గుడ్ల అట్టకేసి చూశాను కూడా. కానీ పక్కనే ప్రెసిడెంటమ్మగారి కోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. "ఇలా రామ్మా, నా చెయ్యి పనిచెయ్యట్లేదు, కాస్త నువ్వు కొట్టు" అన్నాను. అమ్మమ్మకి రెండేళ్లు పట్టిన మాట నాకు రెండు నిమిషాల్లో వచ్చేసింది. ఇందులో నా తెలివేమీ లేదని నాకు తెలుసు. ఆ అమ్మాయి కొంగు దోపుకుని వచ్చి ముద్ద ఎత్తి బేసిన్‌కేసి కొట్టింది. "ఎంతసేపండీ?" అని అడిగింది. గ్రాముల్లోనూ నిమిషాల్లోనూ ఏదో చెప్పబోయాను. నవ్వొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ముద్ద పెట్టమని అరచెయ్యి చాపాను.